ధర్నాకు ఎవరొస్తారు, ఎవరు రారు?

(ప్రొద్దుటూరులో జరిగిన సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల కార్యకర్తలు తరగతికి హాజరయ్యారు.)



మన అధ్యయన తరగతి అంటే ఎప్పుడూ మద్దతు ధర, పంటల బీమా, కరెంటు, కాలువ నీళ్లు, ఇవే ఉంటాయి. ఈసారి ‘సామాజిక ఉద్యమాల మీద జరిగిన అధ్యయనాలు’ అని పెట్టేసరికి పొద్దున టీ దగ్గర పులివెందుల నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగాడు: “ఉద్యమాలు చేసేది మనం. వాటిని చదివేదెవరు? చదివి ఏం చేస్తారు?” న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పే ముందు మనకు జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి.

పోయినేడు ఒక యూనివర్సిటీలో పరిశోధన చేసే అమ్మాయి మన ఆఫీసుకు వచ్చింది. బుడ్డశనగ కొనుగోలు కేంద్రాల కోసం మనం చేసిన ధర్నా గురించి ప్రశ్నలు రాసుకొచ్చింది. మొదటి ప్రశ్న: ఎంతమంది వచ్చారు? మాలో ఒకరు ఎనిమిది వందలన్నారు. ఇంకొకరు నాలుగు వందలన్నారు. బండ్లు మాట్లాడిన మనిషి మెల్లగా, “అన్నా, ఆటోలకూ ట్రాక్టర్లకూ మనం లెక్కగట్టింది రెండు వందల అరవై మందికే” అన్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు, మూడు అంకెలూ రాసుకుంది. తర్వాత అడిగింది: వచ్చినవాళ్లలో కౌలుకు చేసేవాళ్లు ఎంతమంది? ఆడవాళ్లు ఎంతమంది? ఏ ఊర్ల నుంచి రాలేదు? ఎందుకు రాలేదు? మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్లుగా సంఘం నడుపుతున్నాం, ఎవరొచ్చారో చెప్పగలం, ఎవరు రాలేదో ఏనాడూ అడుక్కోలేదు. ఆ రోజు పడిన సిగ్గే ఈ ప్రసంగానికి మూలం.

ఉద్యమాల చదువు మొదట్లో మన పక్షాన పుట్టలేదు. 1895లో గుస్తావ్ లె బాన్ అనే ఫ్రెంచి ఆయన గుంపు మనస్తత్వం మీద ఒక పుస్తకం రాశాడు. మనిషి ఒంటరిగా ఉన్నంతసేపు వివేకంతో ఉంటాడు, గుంపులో కలిస్తే బుద్ధి పోతుంది, ఎవరు రెచ్చగొడితే అటు ఉరుకుతాడు. ఆయన వాదన సారం ఇదీ. పండితులు దీన్ని వదిలేసి చాలా కాలమైంది గానీ, ఆఫీసుల గేట్ల దగ్గర ఇంకా బతికే ఉంది. “రైతులు అమాయకులు, ఎవరో వెనకుండి ఆడిస్తున్నారు” అనే మాట మీరందరూ విన్నారు. ఆ మాట అన్నాయన లె బాన్ పేరు విని ఉండడు, కానీ మాట ఆయనదే.

దీన్ని తిరగేసినవాళ్లలో ముఖ్యుడు ఇంగ్లండు చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్. 1971లో ఆయన ఒక పెద్ద వ్యాసం రాశాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో ధాన్యం కోసం, రొట్టెల కోసం జరిగిన అల్లర్లను తీసుకుని, అక్కడ జనం నిజంగా ఏం చేశారో చూశాడు. చాలాచోట్ల వాళ్లు ధాన్యం ఎత్తుకుపోలేదు. బండ్లను ఆపి, తమకు న్యాయం అనిపించిన ధరకు అమ్మించి, ఆ డబ్బు వ్యాపారి చేతికే ఇచ్చారు. అంటే కడుపు మంట ఒక్కటే కాదు, ‘ధర ఇంత ఉండటం న్యాయం, ఇంత ఉండటం అన్యాయం’ అనే లెక్క జనం మనసులో ముందే ఉంది. ఆ లెక్క తప్పినప్పుడు లేచారు. మనం ‘గిట్టుబాటు ధర’ అంటున్నామే, అది అచ్చం ఇలాంటి మాట. స్వామినాథన్ కమిషన్ సాగు ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి ఇవ్వమని 2006లో చెప్పకముందు కూడా ప్రతి రైతు మనసులో ఆ అంకె ఉంది. కమిషన్ దానికి కాగితం ఇచ్చింది.

ఇంగ్లండు మనకెందుకు అంటారేమో. మన జిల్లా కథ కూడా ఉంది. 1876-78 కరువు గురించి పెద్దలు చెప్పగా విన్నాం. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్నాయి. డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు ఆ కాలపు మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు తిరగేసి, కరువులో రైతు ఏమనుకున్నాడు, ఏం చేశాడు అని 1984లో రాశాడు. అందులో మనం ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటి ఉంది. ధాన్యం కొట్ల మీద జనం తిరగబడింది ఆకలి ముదిరిన తర్వాత కాదు, కరువు మొదలైన తొలి నెలల్లో. ఒంట్లో సత్తువ, ఊర్లో కట్టుబాటు ఇంకా ఉన్నప్పుడు. ముదిరాక లేచే శక్తి పోయింది, ఊర్లు వదిలి పోయారు.

మన శనగ ధర్నాను దీని పక్కన పెట్టి చూసుకుందాం. ఆ రోజు వచ్చినవాళ్లలో ఎక్కువమంది కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్నవాళ్లు. ధర వస్తే అమ్ముదామనే ఆశ ఉన్నవాళ్లు. కల్లంలోనే అప్పులాయనకు తూకమేసి ఇచ్చేసిన రైతు రాలేదు. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది అతనే, అతనికే రావడానికి ఏమీ మిగల్లేదు. ‘కష్టం ఎక్కువైతే జనం వాళ్లే కదులుతారు’ అని మనం సభల్లో చెప్పుకునే మాట ఉందే, అది నిజం కాదు అనుకుంటున్నాం. కష్టం ఎక్కువైతే మనిషి ఇంట్లో కూర్చుంటాడు, లేదా బెంగళూరు బస్సెక్కుతాడు.

నేను పోకపోతే ఏమైంది?

ఇప్పుడు మనల్ని అందరినీ ఇబ్బంది పెట్టే ప్రశ్నకు వద్దాం. మాంకూర్ ఓల్సన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1965లో ఒక పుస్తకం రాశాడు. ఆయన అడిగింది సూటిగా ఇది: ధర్నా గెలిస్తే ధర అందరికీ పెరుగుతుంది, పోయినవాడికీ పోనివాడికీ. పోయినవాడికి ఒక రోజు కూలి, చార్జీలు, ఒక్కోసారి కేసు. మరి తెలివైనవాడు ఎందుకు పోవాలి? అందరూ తెలివైనవాళ్లే అయితే ధర్నా ఎట్ల జరుగుతుంది? అందుకే చిన్న గుంపులు కలిసినంత తేలిగ్గా పెద్ద గుంపులు కలవవని, వచ్చినవాడికి విడిగా ఏదన్నా లాభమో, రానివాడికి ఏదన్నా నష్టమో ఉంటే తప్ప పెద్ద సంఘం నిలవదని ఆయన అన్నాడు.

వినడానికి చేదుగా ఉంది. కానీ మన రచ్చబండ మీద రోజూ నడిచే లెక్కే ఇది. “వాళ్లు పోతాండారు కదా, మనకూ వస్తుందిలే” అనేవాళ్లు లేని ఊరుందా? ఢిల్లీ సరిహద్దుల్లో 2020 నవంబర్ నుంచి 2021 డిసెంబర్ దాకా ఏడాదికి పైగా కూర్చున్న పంజాబు రైతులకు కూడా ఈ తలనొప్పి వచ్చింది. బఠిండా జిల్లాలో ఒక ఊరి పంచాయతీ ఏం తీర్మానించిందంటే, ఇంటికొకరు వారం రోజులు ఢిల్లీ పోవాలి, పోకపోతే 1,500 రూపాయలు జరిమానా. అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఓల్సన్ పుస్తకం చదివి చేసిన తీర్మానం కాదది, ఊరి అనుభవంతో చేసింది. మనం ఇక్కడ జరిమానా అంటే సంఘం మిగలదు, అది వేరే సంగతి.

ఓల్సన్ కు మన పక్క జిల్లాలోనే జవాబు దొరికింది. ఈ ప్రసంగంలో మాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాం. రాబర్ట్ వేడ్ అనే ఆయన మన ఎగువన, కర్నూలు వైపు కాలువ కింద ఉన్న ఊర్లను ఏళ్ల తరబడి చూసి, 1988లో పుస్తకం అచ్చేశాడు. పక్కపక్కనే ఉన్న ఊర్లు, అదే నేల, అదే కాలువ, అవే కులాలు. కొన్ని ఊర్లలో రైతులంతా కలిసి ఒక పెద్దమనుషుల కమిటీ పెట్టుకున్నారు. సర్కారు పెట్టిన పంచాయతీ కాదు, ఊరు తనకు తాను పెట్టుకున్నది. ఆ కమిటీకి సొంత నిధి ఉంది. కోతలయ్యాక చేలల్లో మొద్దు మేపుకునే హక్కును గొర్రెల కాపర్లకు వేలం వేసి ఆ డబ్బు జమ చేస్తారు. ఆ డబ్బుతో నీళ్లు కట్టే మనుషులను జీతానికి పెడతారు, వాళ్లు ఎవరి మడికి ఎంత అని చూసి అందరికీ పారిస్తారు. పంటకు కావలిగాళ్లను పెడతారు. ఇంకొక నిజం కూడా ఆయన దాచలేదు: కాలువ మీద అధికారుల చేతులు తడపడానికి కూడా ఆ నిధిలోంచే తీస్తారు. పక్క ఊర్లో ఇవేమీ లేవు, ఎవరి మడి వాళ్లదే, ఎవరి గడ్డపార వాళ్లదే.

ఎందుకు ఈ తేడా? మంచి నాయకుడు ఉన్నందుకా? ఐక్యత ఎక్కువ ఉన్నందుకా? మనమైతే అదే చెప్పేవాళ్లం. వేడ్ చూసింది వేరు. ఊరు కాలువ మీద ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఉంది. తలకట్టు దగ్గర ఊరికి నీళ్లు వాటంతటవే వస్తాయి, కలవాల్సిన పని లేదు. చివరికి పోయేకొద్దీ నీళ్లు తగ్గుతాయి, ఒకరు ఎక్కువ పెట్టుకుంటే పక్కవాడి పైరు ఎండుతుంది, కొట్లాట వస్తుంది. కలవకపోతే అందరికీ నష్టం అని కళ్లకు కనబడుతుంది. అక్కడ కలిశారు. ఆ ఊర్లలో మనుషులు మంచివాళ్లు కావడం వల్ల కాదు, కలవకపోతే జరిగే నష్టం పెద్దది కావడం వల్ల. ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఆ కమిటీల్లో కూర్చునేది పెద్ద కమతాలవాళ్లే. చిన్నరైతుకు నీళ్లయితే వచ్చాయి, మాట రాలేదు.

కె.సి. కాలువ కింద ఉన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టి, నష్టపోయి, 1882లో సర్కారు చేతికి వచ్చిన కాలువ అది. సుంకేసుల నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు. మనం చివర ఉన్నాం. మన సంఘంలో పాత శాఖలు, చందా తప్పకుండా కట్టే శాఖలు ఎక్కడున్నాయో ఒకసారి లెక్క చూస్తే, ఎక్కువ ఈ కాలువ కింద ఊర్లే. అయితే వేడ్ చెప్పనిది కూడా మనకు కనబడింది: మరీ చివర, ఇక నీళ్లు రావు అని తేలిపోయిన ఊర్లలో రైతులు ఎవరికి వాళ్లు బోర్లు వేసుకున్నారు. బోరు పడిన రోజు ఆ రైతు కాలువ పోరాటం నుంచి తప్పుకున్నట్టే. ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. పైరు ఎండుతుంటే ఉద్యమం కోసం ఆగుతారా?

పులివెందుల వైపు మొత్తం కథ ఇదే. చీనీ, అరటి, అంతా బోరు మీద. ఒకరికి మూడు వందల అడుగుల్లో పడితే పక్కాయనకు వెయ్యి అడుగులు పోయినా దుమ్ము తప్ప రాదు. బోరు వేసేది ఒంటరిగా, అప్పు చేసేది ఒంటరిగా, బోరు ఎండిపోతే చెట్లు కొట్టేసుకునేది కూడా ఒంటరిగానే. కాలువ లాగా అందర్నీ ఒకచోట కట్టేసేది ఏదీ లేదు. అందుకే పులివెందులలో మన సంఘం నిలబడటం కష్టమని చాలా ఏళ్లు అనుకున్నాం. ‘అక్కడ రాజకీయాలు వేరు’ అని సర్దిచెప్పుకున్నాం.

కానీ ఒకటి మర్చిపోయాం. ట్రాన్స్ ఫార్మర్. ఒక్కో ట్రాన్స్ ఫార్మర్ కింద పదిమందో పదిహేనుమందో రైతులు ఉంటారు. అది కాలిపోయిన రోజు చూడండి. ఏ పార్టీ, ఏ కులం, పోయినేడు గట్టు దగ్గర కొట్టుకున్నారా లేదా, ఏదీ అడ్డం రాదు. బోరుకింత అని డబ్బులు వేసుకుంటారు, ట్రాక్టరు ఒకరిది, దించేది నలుగురు, సబ్ స్టేషన్ దగ్గర అడిగేది మాట తెలిసినాయన. రెండు రోజుల్లో పని అయిపోతుంది, మళ్లీ ఎవరిదారి వాళ్లది. వేడ్ చూసిన కాలువ ఊర్ల కట్టుబాటు మన మెట్టలో ఈ ట్రాన్స్ ఫార్మర్ దగ్గర ఉంది. మనం ఊరికొక శాఖ అని పెట్టుకుని, ఊరు రెండు వర్గాలుగా ఉంటే శాఖ కూడా రెండైపోయి చూస్తూ కూర్చున్నాం. ట్రాన్స్ ఫార్మర్ కొక పేరు రాసుకుని మొదలుపెడితే ఎట్లుంటుందో ఒక మండలంలో చూద్దామని కమిటీలో అనుకున్నాం. కొందరు ఒప్పుకోలేదు, ‘ఇది సంఘమా, కరెంటాఫీసా’ అన్నారు. ఈ మధ్యాహ్నం దాని మీద మీరే మాట్లాడాలి.

పాత పాటలు, కొత్త పాటలు

చార్లెస్ టిల్లీ అనే సామాజిక శాస్త్రవేత్త ఇంకొక మాట చెప్పాడు. జనం నిరసన తెలిపే పద్ధతులు లెక్కలేనన్ని ఉండవు. ఒక ప్రాంతానికి, ఒక కాలానికి కొన్నే ఉంటాయి, జనానికి అవే చేతనవుతాయి. మన భజన బృందాన్ని తీసుకోండి. వాళ్లకు ఒక ఇరవై పాటలు వచ్చు, ఏ ఊరు పోయినా అవే, వరసలు కొంచెం మారుస్తారు. కొత్త పాట నేర్చుకోవడం ఏ పదేళ్లకో జరుగుతుంది. ఉద్యమాలు కూడా అంతే.

మనకు వచ్చిన పాటలు లెక్కపెట్టండి. అన్నిటికంటే పాతది వినతిపత్రం. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. రైతుకు నేరుగా పట్టా ఇచ్చి శిస్తు కట్టించుకునే పద్ధతి ఇక్కడ ఆ కాలంలో పాదుకుంది. శిస్తు సర్కారే నేరుగా అడిగేటప్పుడు, పైరు పోయిందని మాఫీ కోసం మొరపెట్టుకోవాల్సింది కూడా సర్కారుకే. జమాబందీకి పోయి అర్జీ ఇవ్వడం అలా అలవాటైంది. ఇప్పుడు సోమవారం గ్రీవెన్స్ లో మనం ఇచ్చే కాగితం ఆ వంశానిదే. తర్వాత సహాయ నిరాకరణ కాలంలో కొత్తవి వచ్చాయి. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్ను కట్టం అన్నారు. పల్నాడులో, మన రాయచోటి తాలూకాలో అడవి చట్టాల మీద సత్యాగ్రహం జరిగింది. స్వాతంత్ర్యం తర్వాత ధర్నా, రాస్తారోకో, నిరాహార దీక్ష, రోడ్డు మీద వంటావార్పు. 1986లో లేపాక్షి నుంచి పోతిరెడ్డిపాడుకు వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరికొందరు సీమ నాయకులు నడిచిన పాదయాత్ర. ఆ తర్వాత పాదయాత్ర అనేది రాజకీయ పార్టీల సొత్తు అయిపోయింది, ఇప్పుడు రైతులు నడిస్తే ‘ఏ పార్టీ’ అని అడుగుతారు. 2011 ఖరీఫ్ లో కోనసీమ రైతులు పంట విరామం అన్నారు, వరి వేయకుండా పొలాలు బీడు పెట్టారు. సర్కారు మోహన్ కందా కమిటీని వేయాల్సి వచ్చింది. మనకు ఆ పాట పనికిరాదు. సీమలో దేవుడు ఏటా పంట విరామం ఇస్తూనే ఉన్నాడు, మనం కొత్తగా ఇస్తే ఎవరికి భయం?

ఈ మధ్య సీమ రైతులు కట్టిన కొత్త పాట ఒకటుంది. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర కృష్ణా మీద అలుగుకు రైతులే ప్రజా శంకుస్థాపన చేశారు. పోలీసులు దారులు మూసినా, బొజ్జా దశరథరామిరెడ్డి వంటి వాళ్ల పిలుపు మీద జనం కొండలెక్కి పోయారు. శంకుస్థాపన అంటే ఎవరు చేస్తారు? మంత్రులు చేస్తారు, జనం చప్పట్లు కొడతారు. ఇక్కడ జనమే రాయి వేశారు. జమ్మలమడుగువాళ్లకు దీని అర్థం బాగా తెలుస్తుంది. మన ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక రాయి, 2018 డిసెంబర్ లో కంబాలదిన్నె దగ్గర ఒకటి, 2019 డిసెంబర్ లో సున్నపురాళ్లపల్లె దగ్గర ఒకటి, 2023 ఫిబ్రవరిలో మళ్లీ భూమిపూజ. రాళ్లతోనే ఒక గోడ కట్టొచ్చు. సర్కారు వేసే రాయికి విలువ పోయినచోట జనం వేసే రాయికి విలువ వచ్చింది. టిల్లీ చెప్పేది కూడా ఇదే, కొత్త పద్ధతి ఆకాశంలోంచి ఊడిపడదు, అందరికీ తెలిసిన పాతదాన్ని తిరగేస్తే పుడుతుంది. మనం పదేళ్లుగా అదే టెంటు, అదే మైకు, అదే తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చుంటున్నాం. కానిస్టేబులుకు కూడా ఎన్నింటికి లేస్తామో తెలుసు.

మనం మాట్లాడని సంగతి

ఇది చెప్పడం మాకు ఇష్టం లేదు. కానీ ఈ చదువంతా చదివి ఇది చెప్పకపోతే దండగ.

‘సీమకు నీళ్లు’ అన్నది మన అందరి నినాదం. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ లో రాసుకున్న ఒడంబడిక దగ్గర నుంచి, రాయలసీమ విమోచన సమితి రోజుల దాకా, ఇవాళ్టి దాకా అదే మాట. మన ప్రొద్దుటూరు డాక్టరు ఎం.వి. రమణారెడ్డి గారు ఆ ఉద్యమంలో నడిచి, ‘రాయలసీమ కన్నీటి గాథ’ అని రాసి పెట్టారు. ఉద్యమం చేసినవాడే చరిత్ర రాస్తే ఎట్లుంటుందో దానికి మన దగ్గరున్న మంచి ఉదాహరణ అది.

నీళ్లు వచ్చాయి. గాలేరు-నగరిలో భాగంగా గండికోట జలాశయం, దాదాపు 27 టీఎంసీలు. అక్కడి నుంచి ఎత్తిపోసి పైడిపాలేనికి, పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయానికి. పులివెందుల తోటలకు ప్రాణం వచ్చింది. 2020లో గండికోట నిండుతున్నప్పుడు మనలో చాలామంది ఫోటోలు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే, తరాల ఆశ అది. అదే సెప్టెంబర్ లో కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరులో నీళ్లు ఇండ్ల దగ్గరికి వస్తుంటే, పరిహారం పూర్తిగా ఇవ్వండి, మాకు కాస్త గడువివ్వండి అని ఆ ఊరివాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్లూ రైతులే. వాళ్లదీ మన జిల్లానే. మన సంఘం నుంచి ఆ టెంటులో ఎంతమంది కూర్చున్నాం? ఒక ప్రకటన ఇచ్చాం. ఒక్క ప్రకటన.

ఎందుకు పోలేదు అని ఇప్పుడు మాలో మేము అడుక్కుంటే, ఒకరు చెప్పారు: “పోతే నీళ్లకు అడ్డం పడినట్టు అనుకుంటారని.” ఉద్యమాలను చదివేవాళ్లు దీని గురించి చాలా రాశారు. ప్రతి ఉద్యమమూ తన కష్టానికి ఒక చట్రం కట్టుకుంటుంది: ఇదీ అన్యాయం, వీళ్లు బాధితులు, వీళ్లు బాధ్యులు అని. ఆ చట్రం బలంగా ఉంటేనే జనం కదులుతారు. కానీ చట్రంలో పట్టనివాళ్లు కనబడకుండా పోతారు. ‘సీమకు నీళ్లు’ చట్రంలో ఎండిన చేను పట్టింది, మునిగిన ఇల్లు పట్టలేదు. నీళ్లు అడగడం తప్పు కాదు. మునిగినవాళ్ల పరిహారం కూడా నీళ్ల ఖర్చులో భాగమే అని మనం మొదటి రోజు నుంచి అడిగి ఉంటే, ఆ రోజు పోవడానికి ఎవరమూ జంకేవాళ్లం కాదు.

వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం చుట్టుపక్కల రైతులు కూడా బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి దెబ్బతిన్నదని ఏళ్లుగా అంటున్నారు. ఆ పోరాటంలో సగం నీళ్ల గురించి, సగం లెక్క గురించి. నీళ్లు ఎవరు పట్టాలి, ఎక్కడ పరీక్ష చేయించాలి, కాగితం ఎవరి చేతికి ఇవ్వాలి. రైతు కళ్లతో చూసింది సాక్ష్యం కాదు, సీసాలో పట్టి ల్యాబుకు పోతేనే సాక్ష్యం. తేదీ వేసి, బోరు పేరు రాసి, సీజను సీజనుకూ పట్టిన నీళ్ల వివరాలు మన దగ్గర ఉంటే ఆ వాదన వేరుగా ఉంటుంది.

రానివాళ్లు

చివరిగా ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. జేమ్స్ స్కాట్ అనే ఆయన 1970ల చివర మలేసియాలో ఒక వరి పండించే ఊర్లో రెండేళ్లు ఉండి, 1985లో పుస్తకం రాశాడు. కాలువ నీళ్లు వచ్చి రెండు పంటలు పండుతున్నాయి, వెనకే కోత మిషన్లు వచ్చి కూలీల పని పోయింది. పేదలు ఊరేగింపు తీయలేదు, జెండా పట్టలేదు. కానీ పని నిదానం చేశారు, పిలిస్తే రాలేదు, పెద్ద రైతు గురించి వెనకాల మాటలన్నారు. నోరు విప్పలేనివాళ్ల ఆయుధాలు ఇవే అన్నాడాయన. గొడవ లేనంతమాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

ఇది మనకు తగిలే మాట, ఎందుకంటే ఆ పుస్తకంలో మనం పెద్ద రైతు వైపు ఉన్నాం. కలుపు తీసే అక్కలు “రేపొస్తాం” అని రాకపోతే మనం ఏమంటాం? ‘పనికి ఆహారం వచ్చి కూలీలు చెడిపోయారు’ అంటాం. వాళ్ల ధర్నా అదే అని ఎప్పుడూ అనుకోలేదు. కౌలురైతు సంగతి ఇంకా ముఖ్యం. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ధర్నాలో ముందు వరసలో కనబడితే వచ్చే ఏడు చేను ఇస్తాడో లేదో. అతను రాలేదంటే చైతన్యం లేక కాదు, లెక్క తెలిసి. ఆడవాళ్లను మనం ఎట్ల పిలుస్తాం? ఫోటోలో ముందు కూర్చోడానికి. పాసుపుస్తకం మొగుడి పేరు మీద ఉంటుంది, సభ్యత్వం కూడా ఆయన పేరు మీదే రాస్తాం, చేను చేసేది ఆమె. పోయినేటి శనగ ధర్నాలో మైకు పట్టిన పదిమందిలో ఒక్క ఆడమనిషి లేదు. ఇది మాత్రం మాకు లెక్క ఉంది, ఎందుకంటే వక్తల పేర్లు పాంఫ్లెట్ లో అచ్చేశాం.

ఇక పండితుల తప్పులు కూడా చెప్పాలి. ఉద్యమాలను లెక్కపెట్టేవాళ్లు ఎక్కువగా పత్రికలు చూసి లెక్కపెడతారు. మన తెలుగు పత్రికలకు జిల్లా పేజీలు వచ్చినప్పటి నుంచి, జమ్మలమడుగు ధర్నా వార్త కడప జిల్లా దాటదు. మన ఫోటో మన ఊర్లో మనమే చూసుకుని సంతోషపడతాం. విజయవాడలోనో హైదరాబాదులోనో పత్రిక తిప్పేవాడికి మన ఊరు ప్రశాంతంగా ఉంది. బస్సు అద్దం పగిలితే మాత్రం మొదటి పేజీకి ఎక్కుతుంది. అంటే పత్రిక చూసి రాసిన చరిత్రలో మనం లేము, ఉంటే రాళ్లు వేసినవాళ్లుగా ఉంటాం. దీన్ని సరిచేయడానికి యూనివర్సిటీ కోసం ఎదురు చూడక్కర్లేదు.

కమిటీ ఒక నోటుబుక్కు పెట్టాలని తీర్మానించింది. ప్రతి శాఖకు ఒకటి. ధర్నా గానీ, వినతిపత్రం గానీ, సబ్ స్టేషన్ దగ్గరికి నలుగురు పోవడం గానీ, ప్రతిదీ ఒక పేజీ. తేదీ, చోటు, ఏం అడిగాం, ఎవరిని అడిగాం, తలలు లెక్కపెట్టి ఎంతమంది. చప్పట్లు చూసి కాదు, తలలు లెక్కపెట్టి. సొంత భూమివాళ్లు, కౌలువాళ్లు, కూలీలు, ఆడవాళ్లు విడివిడిగా. ఖర్చు ఎంత, ఎవరిచ్చారు. ఏ ఊరివాళ్లు రాలేదు, అడిగితే ఏం చెప్పారు. చివర్లో, ఆర్నెల్ల తర్వాత నింపడానికి ఒక గడి ఖాళీగా వదలాలి: అడిగింది వచ్చిందా?

కౌలురైతుల పేర్లు మాత్రం పుస్తకంలో రాయొద్దు, అంకె చాలు. ఆ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో మనం చెప్పలేం.

పుస్తకాలు బల్ల మీద ఉన్నాయి, శాఖకొకటి తీసుకోండి, తీసుకున్నట్టు సంతకం పెట్టండి. భోజనాల తర్వాత ట్రాన్స్ ఫార్మర్ సంగతి మీద చర్చ. మొదట పులివెందులవాళ్లు, తర్వాత కొండాపురం నుంచి వచ్చినవాళ్లు మాట్లాడతారు. వాళ్లు మాట్లాడేటప్పుడు ఎవరూ టీకని లేచి పోవద్దని మనవి.